ఏఐ ఆయుధాల రేసులో మన స్టార్టప్‌లు.. యంత్రం రెడీ, మరి టెస్టింగ్ ఎక్కడ? తడ తీరానికి దక్కేదేంటి?

తడ దాటితే తమిళనాడు. తూర్పున పులికాట్ సరస్సు, దాని అవతల శ్రీహరికోట రాకెట్ కేంద్రం. పడమర వైపు శ్రీసిటీ ఫ్యాక్టరీలు, అక్కడే 2013లో మొదలైన ట్రిపుల్ ఐటీ. ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉన్న ఈ మండలం 2022 జిల్లాల విభజనతో తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఇప్పుడు దీనికి అటూ ఇటూ రెండు రాష్ట్రాల డిఫెన్స్ ప్లాన్లు నడుస్తున్నాయి.

ఈ ప్లాన్లలో బాగా వినిపిస్తున్న మాట.. ఏఐతో నడిచే ఆయుధాలు. తనంతట తానే దారి వెతుక్కునే డ్రోన్, మనిషి లేని బోటు, శత్రు డ్రోన్‌ను గుర్తుపట్టి కూల్చే సిస్టమ్. వీటిని చేస్తున్నది పెద్ద ప్రభుత్వ సంస్థలు మాత్రమే కాదు. కాలేజీ కుర్రాళ్ల స్టార్టప్‌లు కూడా రంగంలోకి దిగాయి. అయితే యంత్రం తయారు చేయడం ఒక ఎత్తు, అది పనిచేస్తుందని నిరూపించడం మరో ఎత్తు. తడ లాంటి ప్రాంతానికి అవకాశమైనా, భయమైనా ఈ రెండో దాంట్లోనే ఉంది.

ఎందుకింత హడావుడి?

2025 మేలో ఆపరేషన్ సిందూర్ సమయంలో పాకిస్థాన్ ఒక్క రాత్రిలో 36 చోట్లకు 300 నుంచి 400 డ్రోన్లు పంపిందని భారత అధికారులు చెప్పారు. అంతకుముందు ఉక్రెయిన్ యుద్ధంలోనూ ఇదే సీన్. చవక డ్రోన్ ఖరీదైన ట్యాంకును పేల్చేసింది.

మరి ఏఐ ఎందుకు? మామూలు డ్రోన్ రేడియో సిగ్నల్ మీద ఆధారపడుతుంది. శత్రువు ఆ సిగ్నల్‌ను జామ్ చేస్తే డ్రోన్ గుడ్డిదైపోతుంది. అదే డ్రోన్‌లో కెమెరాతో చూసి, తానే నిర్ణయం తీసుకునే సాఫ్ట్‌వేర్ ఉంటే లింక్ తెగినా పని ఆగదు. ప్రపంచమంతా ఈ టెక్నాలజీ వెంట పడటానికి అసలు కారణం ఇదే.

తెలుగు గడ్డపై ఎవరేం చేస్తున్నారు?

హైదరాబాద్‌కు చెందిన గ్రీన్ రోబోటిక్స్ 'ఇంద్రజాల్' పేరుతో ఏఐ ఆధారిత యాంటీ డ్రోన్ వ్యవస్థను 2023లో ప్రదర్శించింది. అక్కడే ఉన్న జెన్ టెక్నాలజీస్ సైన్యానికి సిమ్యులేటర్లతో పాటు యాంటీ డ్రోన్ సిస్టమ్‌లు ఇస్తోంది. బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్ విద్యార్థులు పెట్టిన అపోలియన్ డైనమిక్స్ అయితే హాస్టల్ గదిలోనే మొదలైంది. 2025 నాటికి సైన్యంలోని కొన్ని యూనిట్లకు డ్రోన్లు అమ్మే స్థాయికి చేరింది.

ఏపీ ప్రభుత్వం ఏరోస్పేస్ అండ్ డిఫెన్స్ పాలసీ 4.0లో ఓర్వకల్లును డ్రోన్లకు, తిరుపతిని పరిశోధనకు కేటాయించింది. తిరుపతిలో ఐఐటీ ఉంది. శ్రీసిటీలో ట్రిపుల్ ఐటీ ఉంది. చదువుకున్న కుర్రాళ్లకు కొదవ లేదు.

డబ్బు వస్తోంది.. కానీ సగమే!

స్టార్టప్‌లకు కేంద్రం ఇస్తున్న ప్రధాన ఊతం ఐడెక్స్ పథకం. దీన్ని 2018 ఏప్రిల్‌లో చెన్నై దగ్గర జరిగిన డిఫెక్స్‌పోలో ప్రధాని మోదీ ప్రారంభించారు. మామూలుగా రూ.1.5 కోట్ల వరకు, ఐడెక్స్ ప్రైమ్‌లో రూ.10 కోట్ల వరకు గ్రాంట్ ఇస్తారు. 2024 మార్చిలో వచ్చిన అదితి పథకంలో ఇది రూ.25 కోట్ల దాకా వెళ్తుంది. అయితే ఇక్కడో మెలిక ఉంది. గ్రాంట్ వచ్చేది ఖర్చులో సగం వరకే. మిగతా సగం కంపెనీనే తెచ్చుకోవాలి.

పైగా గ్రాంట్ అంటే ఆర్డర్ కాదు. నమూనా సిద్ధమయ్యాక ట్రయల్స్ ఉంటాయి. ఎండలో, ఇసుకలో, ఉప్పుగాలిలో, సిగ్నల్ జామ్ అయిన చోట.. అన్నింట్లోనూ పాస్ కావాలి. ఈలోపు జీతాలు ఆగవు, అప్పుల వడ్డీ ఆగదు. చిన్న కంపెనీకి ఊపిరాడని సమయం ఇదే.

ఒక్క చిప్ తేడా వచ్చినా..

2025 ఫిబ్రవరిలో 400 డ్రోన్ల కాంట్రాక్టులు రద్దయ్యాయి. వాటి విలువ సుమారు రూ.230 కోట్లు. కారణం.. చైనా విడిభాగాలు. లోపల ఉన్న చిప్ డేటాను బయటకు పంపితే? కీలక సమయంలో డ్రోన్ మాట వినకపోతే? ఈ అనుమానం చాలు, ఆర్డర్ పోవడానికి. మోటార్లు, బ్యాటరీలు, ఫ్లైట్ కంట్రోలర్లు ఎక్కడి నుంచి వచ్చాయో లెక్క చెప్పలేని స్టార్టప్‌కు సాఫ్ట్‌వేర్ ఎంత బాగున్నా లాభం లేదు. కాబట్టి ప్రతి పార్టునూ విప్పి పరీక్షించే ల్యాబ్ కావాలి. అది సొంతంగా పెట్టుకునే స్తోమత చాలా మందికి ఉండదు.

పడవా.. శత్రువా?

తడ తీరానికి నేరుగా తగిలే ప్రశ్న ఇది. ముంబైకి చెందిన సాగర్ డిఫెన్స్ ఇంజినీరింగ్ తయారు చేసిన 'మాతంగి' అనే మనిషి లేని బోటు ముంబై నుంచి తూత్తుకుడికి 1,500 కిలోమీటర్ల యాత్రను 2024 అక్టోబర్‌లో మొదలుపెట్టింది. ఇలాంటి బోట్లు రేపు తూర్పు తీరంలోనూ గస్తీ కాయొచ్చు. శ్రీహరికోట లాంటి కీలక కేంద్రానికి ఆ కాపలా ఉపయోగమే.

కానీ ఈ నీళ్లలో వేల మంది మత్స్యకారుల బతుకు ఉంది. రాత్రి లైటు లేకుండా వెళ్లే నాటు పడవను ఏఐ ఎలా అర్థం చేసుకుంటుంది? 2012 ఫిబ్రవరిలో కేరళ తీరంలో ఇటలీ నౌకపై ఉన్న మెరైన్లు ఇద్దరు మత్స్యకారులను కాల్చి చంపారు. సముద్ర దొంగలనుకున్నామని చెప్పారు. శిక్షణ పొందిన మనుషులే అలా పొరబడితే, యంత్రం సంగతేంటి? ఏఐకి మన తీరం పడవల ఫొటోలు, వలలు, మన జాలర్ల అలవాట్లు నేర్పించకపోతే దానికి అవి కొత్తే. ఎక్కడో విదేశీ డేటాతో నేర్చుకున్న సాఫ్ట్‌వేర్‌ను తెచ్చి ఇక్కడ పెడితే సరిపోదు.

బాధ్యత ఎవరిది?

రక్షణ శాఖ ఈ ప్రశ్నను పట్టించుకోలేదని కాదు. నమ్మదగిన ఏఐని ఎలా అంచనా వేయాలో చెప్పే ఈటీఏఐ ఫ్రేమ్‌వర్క్‌ను 2024 అక్టోబర్‌లో సీడీఎస్ జనరల్ అనిల్ చౌహాన్ విడుదల చేశారు. విశ్వసనీయత, భద్రత, పారదర్శకత లాంటి ఐదు సూత్రాలు అందులో ఉన్నాయి. అంతర్జాతీయంగా మాత్రం భారత్ ఆచితూచి అడుగేస్తోంది. 2023 డిసెంబర్‌లో స్వయంచాలిత ఆయుధాలపై ఐరాస సర్వసభ్య సభ తీర్మానానికి 152 దేశాలు ఓకే చెబితే, వ్యతిరేకించిన నాలుగింట్లో భారత్ ఒకటి. దీనిపై చర్చకు జెనీవాలోని ఆయుధ ఒప్పంద వేదికే సరైనదని ఢిల్లీ వాదన.

సూత్రాలు కాగితం మీద ఉంటే చాలదు. తప్పు జరిగితే జవాబు చెప్పాల్సింది కమాండరా, కంపెనీయా? ఆర్డర్ ఇచ్చే ముందే తేలాల్సిన విషయం ఇది.

తడకు దక్కేదేంటి?

టెస్టింగ్ కొరత తీర్చడానికి కేంద్రం 2020లో రూ.400 కోట్లతో ఒక పథకం తెచ్చింది. అందులో భాగంగా డ్రోన్లు, ఎలక్ట్రానిక్ వార్‌ఫేర్, ఎలక్ట్రో ఆప్టిక్స్ పరీక్షించే మూడు కేంద్రాలకు 2024 జులైలో ఒప్పందాలు జరిగాయి. ఆ మూడూ తమిళనాడుకే వెళ్లాయి. దేశంలో కేంద్రం ప్రకటించిన డిఫెన్స్ కారిడార్లు రెండే.. ఒకటి యూపీ, రెండోది తమిళనాడు. అంటే సరిహద్దు అవతల ల్యాబులు, ఇవతల పాలసీ.

తడ దగ్గర డ్రోన్ ఎగరేయడం కూడా అంత ఈజీ కాదు. పక్కన షార్, ఇటు పులికాట్ పక్షుల అభయారణ్యం. కానీ టెస్టింగ్ అంటే ఎగరేయడం ఒక్కటే కాదు. విడిభాగాల తనిఖీ, సాఫ్ట్‌వేర్ ఆడిట్, మన తీరం డేటా సేకరణ.. ఇవన్నీ నేల మీద జరిగే పనులే. శ్రీసిటీ ఫ్యాక్టరీలు, ట్రిపుల్ ఐటీ, తిరుపతి ఐఐటీ కలిస్తే ఇక్కడే చేయొచ్చు. ఆ డేటా కోసం జాలర్లను కూడా కూర్చోబెట్టి మాట్లాడాలి.

ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేస్తే ఫొటో వస్తుంది. పరీక్షా కేంద్రానికి అంత హంగామా ఉండదు. కానీ స్టార్టప్ చేతికి ఆర్డర్ రావాలన్నా, తెల్లవారుజామున వేటకెళ్లిన పడవ క్షేమంగా ఒడ్డుకు రావాలన్నా ముందు కావాల్సింది అదే.