నిండు ట్యాంకు, వెలితి జేబు

పెట్రోలు బంకులో బండి ఆపగానే అక్కడి కుర్రవాడు మొదట అనే మాట "సున్నా చూసుకోండి సార్" అని. మనమూ మెడ సాచి, మీటరులో సున్నా కనిపించిన తరువాతనే తల ఊపుతాము. ఈ జాగ్రత్త ఎవరో పాఠం చెప్పగా నేర్చుకున్నది కాదు; పదో పరకో పోగొట్టుకుని అలవరచుకున్నది. ఇంతటి మెలకువ గల మనమే పరదేశంలో కాలు మోపి అద్దెకారు తీసుకునే వేళకు, నాలుగు పుటల ఒప్పందాన్ని తిరగవేయకుండా, చూపించిన చోటల్లా సంతకం చేసి తాళం చెవి పుచ్చుకుంటాము. ఆ సంతకం విలువ ఎంతో నాకు 2024 ఏప్రిల్‌లో తెలిసివచ్చింది. ఆ అనుభవాన్నీ, దాని మూలంగా నేను తెలుసుకున్న సంగతులనూ పాఠకులతో పంచుకోవడం ఈ నెల నా ఉద్దేశం.

మా అమ్మ తెనాలిలో ముప్పై ఏళ్ళకు పైగా ఇంగ్లీషు ఉపాధ్యాయినిగా పనిచేసింది. వర్డ్స్‌వర్త్ డాఫొడిల్స్ పూల పద్యాన్ని ఏటేటా పిల్లలకు చెప్పింది గాని, ఆ పువ్వును ఒక్కనాడూ చూచి ఎరుగదు. ఆ కవికి స్ఫూర్తినిచ్చిన పూలు ఇంగ్లండులో అల్స్‌వాటర్ సరస్సు ఒడ్డున ఉన్నవి. 1802 ఏప్రిల్ 15న చెల్లెలు డొరొతీతో కలిసి నడుస్తూ ఆయన వాటిని చూచాడు. పింఛనులో మిగుల్చుకున్న సొమ్ముతో ఆ ఒడ్డును ఒకసారి చూచి రావాలని అమ్మ కోరిక. తోడు నేను. బస్సులు మారే ఓపిక ఆమెకు లేదు గనుక మాంచెస్టర్ విమానాశ్రయంలో ఒక చిన్న కారు అద్దెకు తీసుకున్నాను. అక్కడా మన వలెనే ఎడమవైపు నడపాలి. మన దేశపు లైసెన్సుతో సందర్శకులు పన్నెండు నెలల వరకు చిన్న కార్లు నడపవచ్చు. ఇబ్బంది ఏముంటుందని ధైర్యం.

గుమాస్తా మర్యాదస్థుడు. "ఇంధనం సంగతి, ఫుల్ టు ఫుల్" అన్నాడు. నిండు ట్యాంకుతో ఇస్తాము, నిండు ట్యాంకుతో తిరిగి ఇవ్వండి అని అర్థం. ఇరవై ఏళ్ళుగా ఇంగ్లీషు మాటలకు తెలుగు మాటలు వెదకడమే వృత్తిగా బ్రతుకుతున్నవాణ్ణి. "ఫుల్" అనే మాటకు అర్థం అడగవలసిన అగత్యం నాకు కనిపించలేదు. సంతకం చేశాను.

మూడు రోజులు సుఖంగా గడిచాయి. అమ్మ పూలు చూచింది. గ్రాస్మియర్‌లో కవి 1799 నుంచి 1808 వరకు కాపురమున్న చిన్న ఇల్లు చూచింది. తిరుగు ప్రయాణం నాటి సాయంకాలం దారిలో కెండల్ పట్టణం వద్ద ఆగి ట్యాంకు నిండా పెట్రోలు పోయించాను. పోయించాను అనడం తప్పు, అక్కడ పోసుకోవలసింది మనమే. అక్కడి నుంచి విమానాశ్రయం సుమారు ఎనభై మైళ్ళు. చేరేసరికి రాత్రి పదిన్నర దాటింది. అద్దె సంస్థ కార్యాలయం మూసి ఉన్నది. కారును గుర్తు వేసిన చోట నిలిపి, తాళం చెవిని గోడకు అమర్చిన పెట్టెలో వేయమని పలక మీద వ్రాసి ఉన్నది. ముల్లు నిండు గీతకు వెంట్రుకవాసి కింద ఉన్నట్టు తోచింది. తెల్లవారుజామున విమానం, అమ్మ కుర్చీలోనే కునికిపాట్లు పడుతున్నది. అంతమాత్రానికి మళ్ళీ బంకు వెదుకుతూ పోవడం చాదస్తమనిపించింది. తాళం చెవి పెట్టెలో వేశాను.

ఇంటికి వచ్చిన పదకొండవ రోజున బ్యాంకు నుంచి సందేశం. అద్దె సంస్థ నా కార్డు మీద మరొక 53 పౌండ్ల 60 పెన్సులు రాబట్టుకున్నది. వివరం ఇది: పావు ట్యాంకు, అనగా 11 లీటర్లు తక్కువ, లీటరు 2 పౌండ్ల 60 పెన్సుల చొప్పున 28 పౌండ్ల 60 పెన్సులు, పైన ఇంధనం నింపే సేవకు 25 పౌండ్లు. దానికి మన బ్యాంకు విదేశీ మారకపు రుసుము మూడున్నర శాతం, ఆ రుసుము మీద పన్ను కలిపితే మొత్తం 5,860 రూపాయలు తేలింది. ఎనభై మైళ్ళ ప్రయాణానికి ఆ కారు త్రాగినది మహా అయితే ఏడు లీటర్లు. బంకు ధరకు అది పదిన్నర పౌండ్లు, మన లెక్కలో పదకొండు వందల రూపాయలు. అసలుకన్నా కొసరు ఎక్కువ అంటే ఇదే. నా వృత్తిలో ఆ మొత్తం సంపాదించడానికి ఎన్ని సాయంకాలాలు బల్లముందు కూర్చోవాలో లెక్క వేసుకుని కోపంతో రగిలిపోయాను.

కోపం చల్లారిన తరువాత ఆ నాలుగు పుటల ఒప్పందాన్ని మొదటిసారి చదివాను. మూడవ పుటలో, చీమ తలకాయంత అక్షరాలలో, సమస్తమూ ఉన్నది. నిండు ట్యాంకు అనగా తిరిగి ఇచ్చే చోటికి పది మైళ్ళ లోపల నింపినది. దానికి రుజువుగా బంకు రసీదు చూపాలి. పావు ట్యాంకులో ఏ కొంచెం తగ్గినా పావు తగ్గినట్టే లెక్క. కార్యాలయం మూసిన తరువాత వదిలిన కారును మరునాడు ఉద్యోగి పరీక్షించి చెప్పినదే తుదిమాట. ఇకముందు తేలే బాకీలను కార్డు నుంచి రాబట్టుకోవడానికి నా సమ్మతి. ఏ అర్థమైతే నాకు స్పష్టంగా తెలుసుననుకున్నానో, ఆ మాటకే వారు నాలుగు పంక్తుల నిర్వచనం వ్రాసుకున్నారు.

ముల్లు ఎందుకు మోసం చేసింది? దాని నిర్మాణం తెలిస్తే తప్పు దానిది కాదని అర్థమవుతుంది. పెట్రోలు మీద ఒక తేలుడు బిళ్ళ ఉంటుంది, దానికొక చేయి, ఆ చేయి పైకీ కిందికీ కదిలేకొద్దీ విద్యుత్ నిరోధం మారుతుంది, ఆ మార్పునే ముల్లు చూపుతుంది. ట్యాంకు పెట్టె వలె నాలుగు పలకలుగా ఉండదు, కారు అడుగున దొరికిన చోటులో వంకరటింకరగా ఇమిడి ఉంటుంది. అందువల్ల బిళ్ళ అంగుళం దిగినప్పుడల్లా ఒకే కొలత పెట్రోలు తగ్గినట్టు కాదు. పైగా ట్యాంకు నిండినప్పుడు బిళ్ళ పైకప్పుకు తగిలి ఆగిపోతుంది. కొన్ని లీటర్లు ఖర్చయ్యే వరకు అది కదలనే కదలదు. చాలా కార్లలో నింపిన తరువాత యాభై, అరవై మైళ్ళ దాకా ముల్లు నిండుగానే చూపడానికి కారణం ఇదే. ముల్లు ఏ కొంచెం కిందికి జారినా, వాస్తవంలో అంతకన్నా ఎక్కువే ఖర్చయి ఉంటుందని గ్రహించాలి.

అద్దె సంస్థల ఇంధన పద్ధతులు ప్రధానంగా మూడు. మొదటిది నేను చెప్పినది, నిండుగా తీసుకుని నిండుగా ఇవ్వడం. జాగ్రత్తగా పాటిస్తే ఖాతాదారుకు మేలైనది ఇదే. రెండవది, ఒక ట్యాంకు పెట్రోలును ముందుగానే కొని, కారును ఖాళీగా ఇవ్వడం. వినడానికి సౌకర్యంగా ఉంటుంది. కాని ధర సంస్థ నిర్ణయించినది. మిగిలిన పెట్రోలుకు సాధారణంగా డబ్బు తిరిగి రాదు. నలభై నాలుగు లీటర్లకు సొమ్ము చెల్లించి ఇరవై లీటర్లే వాడినవాడు తక్కిన ఇరవై నాలుగు లీటర్లనూ దానం చేసినట్టే. కచ్చితంగా ఖాళీ చేయాలని చూస్తే నడిరోడ్డు మీద బండి ఆగిపోవచ్చు. మూడవది, ఎంత ఉండగా తీసుకుంటే అంత ఉండగా ఇవ్వడం. సగం ఉన్న ట్యాంకును మళ్ళీ సరిగ్గా సగానికే తేవడం ఎంత కష్టమో ఇప్పుడు విడమరచి చెప్పనక్కరలేదు.

అమెరికాలో కొన్ని సంస్థలది వేరొక నియమం. డెబ్బై అయిదు మైళ్ళ లోపు మాత్రమే తిరిగినవారు రసీదు చూపకపోతే, ట్యాంకు నిండుగా కనిపించినా సరే, నిర్ణీత రుసుము వేస్తారు. ముల్లును నమ్మలేమన్న సంగతి వారికి మనకన్నా ముందే తెలుసు. విద్యుత్ కార్లు వచ్చినా ఈ చిక్కు తీరలేదు; బ్యాటరీలో ఒప్పుకున్నదాని కంటే తక్కువ శాతం మిగిలిస్తే ఛార్జింగు రుసుము వేసే సంస్థలున్నాయి.

సంస్థల వాదన కూడా వినాలి. ఒక ఉద్యోగి కారును బంకుకు తోలుకొని పోయి రావాలి. ఆ అరగంట కారు మరొకరికి అద్దెకు పోదు. ఈ మాటలో నిజం లేకపోలేదు. కాని లీటరు ధరను అంతగా పెంచడానికి ఇది చాలదు. అసలు కారణం పోటీ. దినసరి అద్దెను అందరూ పోల్చి చూస్తారు గనుక దానిని తగ్గించక తప్పదు. ఎవరూ పోల్చి చూడని చోట ఆ లోటు పూడ్చుకుంటారు. ఈ విషయమై ఫిర్యాదులు పెరిగిన మీదట ఐరోపా కమిషన్, సభ్యదేశాల వినియోగదారుల రక్షణ సంస్థలు కలిసి ఒత్తిడి తేగా, 2015లో అయిదు పెద్ద అద్దె సంస్థలు తమ పద్ధతులు మార్చుకుంటామని అంగీకరించాయి. నిండుగా తీసుకుని నిండుగా ఇచ్చే అవకాశాన్ని ప్రతి ఖాతాదారుకూ చూపాలన్నది ఆ ఒప్పుదలలోని ఒక అంశం. అయితే అవకాశం చూపడం వారి పని. దానిని చదివి ఎంచుకోవడం మన పని.

నా సంగతికి వస్తాను. కెండల్ రసీదు కోసం ఇల్లంతా వెదికాను, దొరకలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే గదా అని విరమించుకున్న రెండు రోజులకు, గ్రాస్మియర్‌లో కొన్న పుస్తకంలో అమ్మ గుర్తుగా పెట్టుకున్న కాగితంగా అది బయటపడింది. తేదీ, వేళ, లీటర్లు అన్నీ అందులో ఉన్నాయి. దానిని జతచేసి, ఎనభై మైళ్ళ లెక్క వివరించి, అతిశయోక్తి లేకుండా ఒక లేఖ వ్రాశాను. మూడు వారాలకు జవాబు వచ్చింది. పావు ట్యాంకు లెక్క ఒప్పందం ప్రకారమే జరిగిందట, దానిని మార్చరట. సేవా రుసుము 25 పౌండ్లు మాత్రం సద్భావంతో వాపసు చేస్తారట. చేశారు కూడా. నేను పూర్తిగా గెలవలేదు. పూర్తిగా గెలవవలసిన న్యాయమూ నా పక్షాన లేదు. ఏడు లీటర్లు తక్కువ ఉన్న మాట నిజమే గదా.

ఈ మార్గంలో వెళ్ళబోయేవారికి నేను చెప్పగలిగినవి కొన్ని ఉన్నాయి. ఇంధనానికి సంబంధించిన నిబంధన ఏ పుటలో ఉన్నదో గుమాస్తానే అడిగి, సంతకానికి ముందు చదవండి. తక్కువైతే లీటరుకు ఎంత, సేవకు ఎంత అని విడివిడిగా అడగండి. కారు కదిలించక ముందే ముల్లునూ, తిరిగిన మైళ్ళ అంకెనూ ఒకే చిత్రంలో పడేటట్టు సెల్‌ఫోనుతో తీసుకోండి. ముల్లు నిండుగా లేకపోతే అప్పుడే కాగితం మీద వ్రాయించండి. తిరిగి ఇచ్చే చోటికి సమీపంలో బంకు ఎక్కడున్నదో మొదటి రోజే చూచిపెట్టుకోండి. విమానాశ్రయపు ఆవరణలో ధర కాస్త ఎక్కువైనా, సంస్థ వేసే ధరతో పోల్చితే అది చవకే. రసీదును అద్దె లెక్క పూర్తిగా తేలేవరకు పదిలపరచండి. వీలైనంతవరకు ఉద్యోగి ఉన్న వేళలోనే కారు అప్పగించి, నిండుగా ఉన్నదని వ్రాయించుకోండి. వీలుకాకపోతే, కారు నిలిపిన చోట మరొకసారి చిత్రం తీసుకోండి.

బంకు వద్ద మరి రెండు మెలకువలు. పెట్రోలు మూత ఏ పక్కన ఉన్నదో దిగి చూడనక్కరలేదు. ముల్లు పక్కనున్న బంకు బొమ్మ దగ్గర చిన్న బాణం గుర్తు ఆ పక్కకే చూపుతుంది. 1986లో ఫోర్డ్ సంస్థ ఇంజనీరు జిమ్ మోయ్లన్ వానలో తప్పు పక్కన కారు నిలిపి తడిసి, దీనిని సూచించాడు. రెండవది గొట్టం రంగు. ఇంగ్లండులో ఆకుపచ్చ పిడి పెట్రోలుకు, నల్లది డీజిలుకు. అమెరికాలో చాలాచోట్ల ఆకుపచ్చ పిడి డీజిలుకు. రంగును కాక అక్షరాలను నమ్మండి. అమెరికా గ్యాలను 3.785 లీటర్లు, బ్రిటిష్ గ్యాలను 4.546 లీటర్లు, మైలేజీ లెక్కలు వేసేటప్పుడు ఈ తేడా మరువరాదు. అమెరికా బంకులలో యంత్రం మన కార్డును చూచి అక్కడి పోస్టల్ సంకేతం అడిగితే కంగారుపడక, లోపలికి వెళ్ళి ముందుగా సొమ్ము చెల్లించండి.

ఈ అదనపు ఖర్చు సంగతి అమ్మకు చెప్పకూడదనుకున్నాను. ఆమె పింఛను సొమ్ముతో చూచిన పూలకు ఈ చేదు అంటరాదని నా తాపత్రయం. కాని రసీదు కోసం ఇల్లు తలక్రిందులు చేస్తుంటే అడగకుండా ఉంటుందా? చెప్పక తప్పలేదు. అంతా విని, కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, "నాన్నా, పరీక్ష రోజున ప్రశ్నపత్రం పూర్తిగా చదివిన తరువాతనే కలం పట్టమని నేను చెప్పిన పిల్లల్లో నువ్వూ ఒకడివి" అన్నది.

అమ్మ ఆ రసీదును నాకిచ్చి, దాని స్థానంలో ఒక ఎండిన డాఫొడిల్ రేకును పుస్తకంలో పెట్టుకున్నది. సరస్సు ఒడ్డున రాలిపోయి ఉంటే ఏరుకున్నదట. దానికి మాత్రం రుసుము ఏమీ పడలేదు.