మంగమ్మ చావుకు పంచనామా ఏది?

సత్రాలు కట్టించి బాటసారుల కడుపు నింపిన రాణిని సొంత మనవడే గదిలో పెట్టి తాళం వేయించాడట. ఎదురుగా అన్నం పెట్టించాడట, వాసన తగిలేటట్టు, చెయ్యి మాత్రం అందకుండా. రాణి మంగమ్మ అలా ఆకలితో మాడి పోయిందట. మదురైలో గైడ్లు చెబుతారు, కోయంబత్తూరు తెలుగిళ్లలో పెద్దవాళ్లూ చెబుతారు. మూడు వందల ఏళ్లుగా ఒక మనిషి చావు ఈ 'అట'ల మీదే నడుస్తోంది.

ఊరి బావిలో అనామకుడి శవం తేలినా పోలీసులొచ్చి పంచనామా రాస్తారు. 1689 నుంచి దాదాపు పదిహేడేళ్లు మదురై నాయకుల రాజ్యం నడిపిన మనిషికి ఆ పాటి మర్యాద లేదా? ఎక్కడ పోయింది? కథేమో మదురైలో కట్టడాన్ని చూపిస్తుంది. అప్పటికి రాజధాని తిరుచిరాపల్లి. అక్కణ్నుంచి ఆమెను ఎవరు తెచ్చారు, ఎప్పుడు? చూసిందెవరు, కాపలావాడా, వంటవాడా? రోజూ ఆ అన్నం మోసుకెళ్లిన వాడెవడు? కథ ఒక్కదానికీ జవాబు చెప్పదు. అన్నం పెట్టిన చెయ్యికి అన్నం అందకపోవడం మాత్రం భలే కుదిరింది. ఇంత పొందిక కథకుడికే సాధ్యం. చూసినవాడి మాట ఇంత నున్నగా ఉండదు.

మనవడికి వకాల్తా పుచ్చుకోవడం లేదు నేను. విజయరంగ చొక్కనాథుడు పసికందుగా ఉండగానే పట్టం కట్టారు, పాలించింది నాయనమ్మ. ఈడొచ్చిన మనవడు, పగ్గాలు పట్టుకున్న ముసలి రాణి, మధ్యలో మంత్రులు. హత్యకు కావలసిన సరుకంతా ఉంది. జరిగే ఉండొచ్చు. అనుమానించండి, తప్పులేదు. తీర్పు రాయడానికి మీరెవరు?

ఆమె కొడుకు రంగకృష్ణ ముద్దువీరప్ప మశూచితో పోతే మశూచి అనుకుని ఊరుకున్నారు. ఆమె దగ్గరికొచ్చేసరికి మంత్రి అచ్చయ్యతో సంబంధం అంటగట్టారు. విధవరాలు దళవాయి నరసప్పయ్యను పంపి 1697లో తిరువాన్కూరును దారికి తెచ్చిందంటే, చాటున మగవాడుండి తీరాలి కదా! బాటలు వేయించి, చెట్లు నాటించి, సత్రాలు కట్టిస్తే, ఎడమచేత్తో తాంబూలం నోట పెట్టుకున్న పాపానికి ప్రాయశ్చిత్తమన్నారు. ఆమె పాలన పాపపరిహారమైంది, చావు శిక్షయింది. ఇదేనా చరిత్ర?

మదురైలోని తముక్కం ప్యాలెస్ మంగమ్మ విడిది అంటారు. 1959 నుంచి అది గాంధీ మ్యూజియం. గాంధీ హత్యనాటి నెత్తుటి మరకల వస్త్రం అక్కడ అద్దాల వెనక ఉంది. ఆ చావుకు విచారణ జరిగింది, సాక్షులు పలికారు, కోర్టు తీర్పు చెప్పింది. ఆ ఇంటి యజమానురాలికి మాత్రం పుకారే పోస్టుమార్టం. మనవడి భార్య మీనాక్షిదీ అదే గతి. 1730లలో చందా సాహెబు చేతికి చిక్కాక విషం తాగిందంటారు. తాగిందా, తాగించారా? అడిగిన నాథుడు లేడు.

పరాయివాళ్లను ఆడిపోసుకుని లాభం లేదు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బళ్లో తమిళం రాస్తూ ఈ గడ్డ మీద తరతరాలుగా ఉన్నవాళ్లం మనం. సంఘం సభల్లో మంగమ్మ పటానికి దండ వేసి, మైకు పట్టుకుని మళ్లీ ఆ ఆకలి కథే అందుకుంటాం.

ఇక చాలు. చరిత్ర అని చెప్పేచోట ఒక్క ముక్క చెప్పండి: 1706 ప్రాంతంలో పోయింది, ఎలా పోయిందో రుజువు లేదు. కథ చెప్పాలనిపిస్తే కథ అనే చెప్పండి. కాదు, జరిగిందే అంటారా, సాక్షిని పిలవండి. పిలవలేకపోతే ముందు ఆమె శీలం మీద వేసిన నింద వెనక్కి తీసుకోండి.