బొగ్గు గోతులు - బావుల లెక్క

పైనున్న మట్టిని, రాతిని అంతయు తొలగించి బొగ్గు తీసెడి పద్ధతిని ఓపెన్‌కాస్టు అందురు. 1871లో డాక్టరు విలియం కింగ్ ఇల్లెందు సమీపమున బొగ్గును కనుగొన్న పిమ్మట గోదావరి లోయలో చాలకాలము భూగర్భ గనులే నడచినవి. నేడు సింగరేణి బొగ్గులో అధికభాగము ఓపెన్‌కాస్టు గోతుల నుండియే వచ్చుచున్నది. రామగుండము, శ్రీరాంపూర్, మణుగూరు, సత్తుపల్లి, భూపాలపల్లి ప్రాంతముల రైతులకు ఈ గోతులు ఎట్లుండునో నేను చెప్పనక్కరలేదు. వీటివలన బావికిని, వాగుకును ఏమి జరుగుచున్నదను విషయమున మాత్రము మన గ్రామములలో వాదము మెండు, లెక్క తక్కువ.

ఈ లోయలో బొగ్గుపొరలు ఇసుకరాతి నడుమ నున్నవి. బరాకర్, కామ్తీ అని పిలువబడు ఈ ఇసుకరాళ్ళే మన బావులకు, బోర్లకు నీరిచ్చునవి. నీటిమట్టము దాటి గోతిని త్రవ్వినప్పుడు చుట్టుప్రక్కల నీరు అందులోనికి ఊరును. దానిని రేయింబవళ్ళు పంపులతో తోడనిదే బొగ్గు చేతికి రాదు. లోతు బావిని తోడినచో దాని ప్రక్కనున్న లోతు తక్కువ బావి ఎండుట మనమెరిగినదే గదా! ఇదియు అట్టిదే. కాకున్న ఈ బావి వందల ఎకరముల వైశాల్యము, కొన్నిచోట్ల వంద మీటర్లకు మించిన లోతు గలది. తోడుట ఆపిన పిమ్మట మట్టము మరల లేచును గాని, అందులకు ఏండ్లు పట్టును. గోతిలో తిరిగి నింపిన కలగాపులగపు మట్టి మునుపటి ఇసుకరాతివలె నీటిని నడిపించదు.

వాగు సంగతి వేరు. త్రవ్విన మట్టిని గుట్టలుగా పోయుదురు. గడ్డి, చెట్టు పట్టకముందే తొలకరి వాన పడినచో గుట్ట కోసుకుపోయి, సన్నని బూడిదరంగు ఒండ్రు వాగులోనికిని, చెరువు కాలువలోనికిని దిగును. పొలములో పడిన ఈ ఒండ్రు గోదావరి ఒండ్రువంటిది కాదు. ఎండినంతనే పెచ్చుకట్టి మొలకను పైకి రానీయదు. నీటిమట్టము తగ్గినచోట వేసవి ఊటలు కూడ వాగును విడిచిపోవును.

గనినీరంతయు విషమని కొందరందురు. అది నిజము కాదు. గంధకము అధికముగా నున్న బొగ్గుగనులలో గాలి, నీరు తగిలి ఆమ్లము పుట్టును. గోదావరి బొగ్గులో గంధకము సాధారణముగా నూటికి ఒకటికన్న తక్కువ గనుక మనకు ఆ భయము కొద్ది. మనము చూడవలసినది ఉప్పును, ఒండ్రును. కొన్నిచోట్ల గనినీటిని చెరువులకు వదలుచున్నారు, మంచిదే. కాని పరీక్ష చేయించక వరికి పెట్టరాదు. విద్యుద్వాహకత సెంటీమీటరుకు 2,250 మైక్రోసీమెన్లు దాటిన నీటిని, అందును నల్లరేగడిలో, పారించుట నేలను చెరుపుకొనుటయే.

గత వేసవిలో ఒక గోతికి దగ్గరనున్న గ్రామమునకు పోయితిని. ఒక పెద్దరైతు తన బావి చూపి, "సారూ, మా నాయన కాలంల ఈ బాయి ఎన్నడూ ఎండలే" అనినాడు. ఆయన మాట నేను నమ్మితిని. కాని ఏ సంవత్సరము, ఏ నెలలో, ఎన్ని అడుగులలో నీరుండెనని అడుగగా చెప్పువారు లేరు. గనికి అనుమతి నిచ్చునప్పుడు చుట్టుప్రక్కల బావుల మట్టమును మే, ఆగస్టు, నవంబరు, జనవరి నెలలలో కొలువవలెనను షరతు మామూలుగా నుండును. ఆ కొలత గని వారి కాగితములలో నున్నది. బావి యజమాని వద్ద ఏమియు లేదు. ఇది తగునా?

నా అభిప్రాయములో ప్రతి గ్రామము తన లెక్క తాను ఉంచుకొనవలెను. ఇందులకు ఖర్చు లేదు. బావి ఒరపై చెరగని గుర్తు పెట్టి, రాత్రి మోటారు ఆపి, తెల్లవారుజామున బరువు కట్టిన తాడు వదలి కొలువవలెను. గోతికి దగ్గరగా రెండు బావులు, దూరముగా రెండు బావులు ఎన్నుకొనుడు. దూరపు బావులే ముఖ్యము. వానలు తగ్గినను, బోర్లు పెరిగినను మట్టము పడును. ఆ నేరము కూడ గనిపై మోపినచో మన మాటకు విలువ పోవును. నాలుగును కలిసి దిగినచో వర్షపాతమును, మన బోర్లను చూచుకొనవలెను. దగ్గరివి మాత్రమే దిగినచో గోతివైపు చూడవలెను. మంచినీటి బావికి 250 మీటర్లలోపు రైతు బోరు వేయరాదని 2002 నాటి వాల్టా చట్టము చెప్పుచున్నది. రైతునకు ఇంత కట్టుబాటు పెట్టిన మనము గోతి ప్రక్క బావిని కొలువకుండ విడుచుట న్యాయము కాదు.

బొగ్గు వద్దనుట నా ఉద్దేశము కాదు. మన మోటార్లు తిరుగుటకు కూడ దాని కరెంటే ఆధారము. అయితే క్రొత్త గనికి, విస్తరణకు 2006 నాటి పర్యావరణ ప్రకటన ననుసరించి ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు, కనీసము ముప్పది రోజుల ముందు నోటీసు వచ్చును. తెలుగు సంక్షిప్త నివేదిక కూడ దొరకును. ఆ నాడు సభలో కేకలు వేయుటకన్న రెండు మూడేండ్ల బావుల పట్టికను వ్రాతపూర్వకముగా అందజేసి, అది నమోదైనదో లేదో చదివించుకొనుట మేలు. గ్రామాధికారులు ఈ పట్టికను పంచాయతీ కార్యాలయమున ఒక పుస్తకములో ఎక్కించి, ప్రతి కొలతకు ఇద్దరు రైతులచేత సంతకము చేయించవలెను. మొదటి కొలతకు మే నెల తగినది. ఆ దినముననే శుభ్రమైన లీటరు సీసాను అదే నీటితో మూడుసార్లు తొలిచి నింపి, రైతు పేరు, బావి గుర్తు, తేదీ వ్రాసి వ్యవసాయ కార్యాలయమునకు పంపినచో పరీక్షకు పంపెదము.