ముట్లుడుగు వయస్సున మరల మరల వచ్చు పొక్కులు

మన స్త్రీల బాధలలో చెప్పుకొనదగినవి కొన్ని, చెప్పుకొనరానివి కొన్ని. తలనొప్పి, నడుమునొప్పి మొదటి తెగకు చేరినవి. అరుగుమీద కూర్చుండి పదిమందితో చెప్పుకొందుము. పదిమందియు పది మందులు చెప్పుదురు. బట్టచాటున లేచు పుండు రెండవ తెగకు చేరినది. దానికి మౌనమే మందని మనవారి నమ్మకము. ఈ మాసము మేము ఆ రెండవ తెగలోని యొక బాధను గూర్చి వ్రాయ సాహసించుచున్నాము. చదువరులు మన్నింతురుగాక.

మా వేములవాడకు రాజరాజేశ్వరస్వామి దర్శనార్థము వచ్చు బంధువులకు మా యిల్లే విడిది. ఇటీవల కోరుట్ల వైపునుండి మాకు దూరపు చుట్టమైన యొక అక్క పెనిమిటితో కూడ కోడె మొక్కు తీర్చుకొనుటకు వచ్చి, మా యింట రెండు దినము లుండెను. ఆమెకు నలువదియాఱేండ్లు. బీడీలు చుట్టి ముగ్గురు బిడ్డలను పెంచినది. పెనిమిటి పదునెనిమిదేండ్లుగా దుబాయిలో పనిచేయుచు, రెండేండ్ల కొకసారి సెలవుపై వచ్చి పోవుచుండును. ఆ రాత్రి అందఱును పరుండిన పిమ్మట ఆమె మా ప్రక్కన చేరి, "చెల్లె, నువ్వు చదువుకున్నదానివి. ఒక్క ముచ్చట అడుగుత, ఎవ్వలకు చెప్పకు" అని మొదలిడెను.

రెండేండ్లుగా ఆమెకు నెలసరి క్రమము తప్పినది. ఒక నెలలో రెండుమార్లు వచ్చును. పిదప మూడు నెలలు రాదు. రాత్రులు ఒడలంతయు ఆవిరి యెత్తినట్లై నిద్ర పట్టదు. ఆ దినములలోనే మర్మస్థానమున ఒకేచోట మొదట చిమచిమ, పిదప మంట, ఆపైని గుంపుగా చిన్న నీటిపొక్కులు లేచి, చితికి, పుండ్లై, పది దినములకు మానుచుండును. మానిన రెండు మూడు నెలలకు మరల అదే వరుస. మొదటిసారి అక్కి యనుకొని కుమ్మరివారి యింట జేగురు పూయించినారు. రెండవసారి వేడి యని వంకాయయు మామిడికాయయు మాన్పించినారు. మూడవసారి ఒక పట్టణపు ఆసుపత్రిలో గర్భసంచి చెడినది, తీసివేయవలెనని చెప్పగా, ఆ ఖర్చునకై మెడలోని గొలుసు కుదువబెట్టినది.

ఐనను ఆమె కన్నీరు వీనికొఱకు కాదు. ఈ సెలవులో పెనిమిటి ఇంట నుండగా పొక్కులు లేచినవి. అతడొక్క మాటయు అనలేదు; మఱునాటినుండి పడక ముందరి అర్రలోనికి మార్చుకొనెను. అత్తగారు మాత్రము వాకిటిలో నలుగురు వినునట్లు ఒక మాట విసరినది. "నేను ఏ తప్పు చెయ్యలే చెల్లె. మరి ఆయన చేసిండా? నాకీ పుండెట్ల వచ్చె?" అని ఆ యక్క అడిగెను. ఆ ప్రశ్నకే మేమీ వ్యాసమున సమాధానము వ్రాయుచున్నాము. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో మగవారు గల్ఫు దేశములలో నున్న యిండ్లు పెక్కు. ఈ ప్రశ్నను మనసులో మ్రింగుకొన్నవారు ఆమె యొక్కతెయే కాదని మా తలంపు.

ఈ వ్యాధిని వైద్యులు హెర్పీసు అందురు. గ్రీకు భాషలో ఆ మాటకు ప్రాకునది యని యర్థము. మన సర్పశబ్దమునకును దానికిని మూలధాతువు ఒక్కటేయని భాషావేత్తలు చెప్పుదురు. మనవారు కొందఱు దీనిని సర్పి యనుటయు అందులకు సరిపోయినది. ఆటలమ్మ పోసినవారికి ఏండ్లు గడచిన పిదప నడుముచుట్టు పట్టీవలె లేచు అక్కి వేఱు, ఇది వేఱు. ఆ రెండింటి వైరసులును ఒకే కుటుంబమున పుట్టినవైనను, వాని నడక వేఱు.

ఈ హెర్పీసు రెండు రకములు. మొదటిది తఱచుగా చిన్ననాడే ముద్దుల వలన సోకి, జ్వరము తగిలినప్పుడు పెదవులమీద పొక్కులుగా లేచును. రెండవది దాంపత్య సంబంధమున సోకి క్రిందిభాగమున లేచును. మొదటి రకమును క్రిందిభాగమునకు సోకవచ్చును. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2024లో ప్రకటించిన అంచనా ప్రకారము, 15 మొదలు 49 ఏండ్లవఱకు గలవారిలో సుమారు 84 కోట్ల 60 లక్షల మందికి, అనగా అయిదుగురిలో ఒకరికి మించి, జననాంగ హెర్పీసు కలదు. వీరిలో అనేకులకు పొక్కులే రావు. వచ్చినను దోమకాటు, ఒరపిడి యని తలంచి మఱచిపోవుదురు. తమకు వ్యాధి యున్నట్లు వారికే తెలియదు.

ఒకసారి ప్రవేశించిన వైరసు శరీరమును విడిచిపోదు. పెదవిదైనచో చెవి సమీపమున, క్రిందిభాగముదైనచో వెన్నెముక అడుగున, నరముల మొదళ్లలో పుట్టలోని పామువలె ముడుచుకొని పండుకొనును. జ్వరము, నిద్రలేమి, మనోవ్యథ, ఒరపిడి, నెలసరి మార్పులు దానిని కదలించునవి. కదలినప్పుడు ఆ నరము వెంట ప్రాకి, తొల్లిటి చోటనే చర్మమున లేచును. ఒక్కొక్కప్పుడు పది యిరువది యేండ్లు పండుకొని పిదప లేచుటయు కలదు.

ఇక ముట్లుడుగు వయస్సున ఏల హెచ్చును? మన దేశపు స్త్రీలకు సగటున 46 ఏండ్ల ప్రాయమున ముట్లుడుగును. వరుసగా పండ్రెండు నెలలు నెలసరి రానిచో ఉడిగినట్లు లెక్క. అంతకు ముందు కొన్ని యేండ్లు ఈస్ట్రోజెన్ అను స్త్రీరసము ఒకనాడు హెచ్చి, ఒకనాడు తగ్గి, తుదకు క్షీణించును. దాని వలన క్రిందిభాగపు చర్మము పలుచబడి, తడి యారి, కొద్దిపాటి ఒరపిడికే బీటలు వాఱును. ఆవిరులచే నిద్ర చెడును. దానికి తోడు పిల్లల పెండ్లిండ్లు, అప్పులు. నెలసరికి ముందు పొక్కులు లేచునని చెప్పు స్త్రీలు పలువురు కలరు. నెలసరియే లెక్క తప్పిన వయస్సున పొక్కులును లెక్క తప్పుటలో వింత లేదు. సాధారణముగా ఏండ్లు గడచినకొలది ఈ పొక్కుల రాక తగ్గును గనుక, ఈ వయస్సున హెచ్చినంత మాత్రమున జీవితాంతము ఇట్లే యుండునని దిగులు పడరాదు.

కావున ఆ యక్క ప్రశ్నకు సమాధానమిది. దాంపత్య సంబంధమున సోకు వ్యాధి యగుట నిజమే. ఆ మాటను మేము దాచము. కాని నేడు లేచిన పొక్కు నేటి తప్పునకు సాక్ష్యము కాదు. అది పెండ్లియైన తొలినాళ్లలో ప్రవేశించినది కావచ్చును; పెనిమిటికి అంతకు ముందే యుండి, అతనికే తెలియక వచ్చినది కావచ్చును; పెదవి పొక్కునుండి చేరినది కావచ్చును. ఏనాడు వచ్చినదో, ఎవరి వలన వచ్చినదో తేల్చి చెప్పగల రక్తపరీక్ష ఏదియు లేదు. ఏ వైద్యుడును చెప్పలేని తీర్పును వాకిట నిలిచిన అత్తగారు చెప్పుట న్యాయమా?

గర్భసంచి మాట యొకటి కలదు. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్లవఱకు గల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమున నూటికి 3.2 కాగా, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. వారిలో సగము మంది దేశమున 34 ఏండ్లు దాటకమునుపే తీయించుకొన్నవారు. అనవసరపు శస్త్రచికిత్సలను ఆపు మార్గదర్శకములను మూడు నెలలలో అమలుపఱుపవలెనని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రములను ఆదేశించినది. సోదరీమణులారా, హెర్పీసు దాగియుండునది నరముల మొదళ్లలో గాని గర్భసంచిలో కాదు. సంచిని తీసినను పొక్కులు పోవు. అండాశయములను కూడ తీసినచో, మెల్లగా రావలసిన ముట్లుడుగుట ఒక్క దినమున వచ్చి పడి బాధలు ఇనుమడించును.

దీనికి మందు కలదా? వైరసును వెళ్లగొట్టు మందు లేదు. అణచియుంచు మందు కలదు. దాని పేరు ఎసిక్లోవిర్. 1980వ దశాబ్ది యారంభమున వాడుకలోనికి వచ్చిన ఈ మందును కనుగొన్న పరిశోధనను నడపినవారిలో ముఖ్యురాలు గెర్ట్రూడ్ ఎలియన్ అను అమెరికా స్త్రీ. డాక్టరు పట్టమునకై చదువు ముగించుటకే వీలు చిక్కని ఆమె 1988లో నోబెల్ బహుమానము నందుకొన్నది.

ఈ మందును రెండు విధములుగా వాడుదురు. పొక్కులు ఎప్పుడో యొకప్పుడు వచ్చువారు, చిమచిమ మొదలైన దినముననే ప్రారంభించి, సాధారణముగా 400 మిల్లీగ్రాముల మాత్ర దినమునకు మూడుమార్లు అయిదు దినములు మ్రింగుదురు. ఆలస్యము చేసినకొలది ఫలము తగ్గును గనుక, మాత్రలు ఇంట సిద్ధముగ నుంచుకొనుట మంచిది. ఏడాదికి ఆఱు మార్లు, అంతకు మించి వచ్చువారికి అదే మాత్రను దినమునకు రెండుమార్లు కొన్ని నెలలపాటు ఇచ్చెదరు. వాలాసైక్లోవిర్ అను మఱియొక మందు దినమున కొక్కసారి చాలును. ప్రతిదినము దానిని వాడుటచే భర్తకో భార్యకో సోకు భయము సుమారు సగమునకు తగ్గును. మూత్రపిండముల జబ్బు గలవారు ముందుగా వైద్యునితో చెప్పవలెను. ఏ మందైనను వైద్యుడు చూచి వ్రాసిన పిదపనే వాడవలెను. తడి యారి బీటలు వాఱినవారికి ఈస్ట్రోజెన్ లేపనము వేఱుగా ఇత్తురు. అది చర్మమును బాగుచేయును గాని హెర్పీసునకు మందు కాదు.

ఇంట పాటింపదగినవి కొన్ని:

పుండ్లున్నప్పుడు వదులైన నూలుబట్టలు కట్టవలెను. గోరువెచ్చని ఉప్పునీటితో కడిగి, మెత్తని బట్టతో అద్ది ఆరనీయవలెను. మూత్రవిసర్జన వేళ మంట పుట్టినచో గోరువెచ్చని నీరు పోసికొనుచు విసర్జించిన హాయిగా నుండును.

మందుల దుకాణమున దురదకని యిచ్చు మిశ్రమ లేపనములలో స్టిరాయిడు కలిసియుండును. అది పుండును హెచ్చించును. పుండును ముట్టిన చేతిని సబ్బుతో కడుగక కన్ను తాకరాదు. కంటికి సోకినచో చూపునకే ముప్పు.

చిమచిమ మొదలైనది మొదలు పుండు పూర్తిగా మానువఱకు దంపతులు వేఱుగా నుండవలెను. పుండ్లు లేనప్పుడును కొంత సోకు అవకాశము కలదు గనుక తొడుగు వాడుట మేలు.

నలువదియాఱేండ్లకు మన యిండ్లలో అమ్మమ్మలై, నాయనమ్మలై యుందుము. పెదవిమీద పొక్కు ఉన్నప్పుడు పురిటిబిడ్డను ముద్దిడరాదు. పెద్దల పెదవిపై చిన్న పొక్కుగా నుండునది నెలలోపు బిడ్డకు ప్రాణాంతకము కాగలదు. ఈ యొక్క మాటను మాత్రము మఱువవలదని మా ప్రార్థన.

మూడు వారములకును మానని పుండు, ముట్లుడిగిన పిదప కనబడు రక్తము హెర్పీసు కాకపోవచ్చును. అట్టివానిని వెంటనే చూపింపవలెను. పొక్కు తాజాగా నున్న మొదటి రెండు దినములలో చూపించుకొన్నచో వైద్యునకు గుర్తించుట సులభము. పుండ్లున్నవారికి ఎచ్.ఐ.వి. సోకుట సులభము గనుక ఆ పరీక్షయు ఒకసారి చేయించుకొనుట యుక్తము. ప్రభుత్వపు పెద్ద ఆసుపత్రులలో సురక్ష క్లినిక్కులను పేర ఇట్టి వ్యాధులకై గదులు ఏర్పడియున్నవి. అచ్చట పరీక్షయు మందును ఉచితము. చెప్పిన మాట బయటికి పొక్కదు.

ఆ రాత్రి మాటలాడుచుండగనే అక్కకు చిమచిమ మొదలైనది. మఱునాడు మేమామెను ప్రభుత్వ ఆసుపత్రిలోని వైద్యురాలికడకు తోడ్కొనిపోతిమి. మావారు ఆ బావగారిని వెంటబెట్టుకొని వచ్చిరి. వైద్యురాలు చూచినంతనే గుర్తించి, మాత్రలు వ్రాసి, ఇద్దఱకును రక్తపరీక్షలు చేయించి, పిదప అతనిని లోనికి పిలిచి, "మీ కెప్పుడైన ఇట్టివి వచ్చినవా?" అని యడిగెను. అతడు చాలసేపు నేలచూపులు చూచి, దుబాయి పోయిన క్రొత్తలో రెండుసార్లు వచ్చి మానినవనియు, ఎండవేడి యనుకొంటిననియు చెప్పెను. "ఎవరినుండి ఎవరికో ఇప్పుడు తేల్చుట నావలన కాదు, మీవలనను కాదు. ఇద్దఱును మందు సంగతి చూచుకొనుడు" అని ఆమె పలికెను.

సాయంకాలము వారు బస్సెక్కునప్పుడు మేము సాగనంపబోతిమి. అతడు సంచి నామెచేతినుండి తీసికొని ప్రక్కన కూర్చుండెను. మాటలేమియు లేవు. పదిదినములకు అక్క ఫోను చేసి, గొలుసు విడిపించుకొంటిననియు, పడక మరల లోపలి అర్రకు వచ్చినదనియు చెప్పెను. అత్తగారి సంగతి యడుగగా, "ఆమె ఇంక ఏం అంటలేదు, చెల్లె" అనెను.

సోదరీమణులారా! మీ యింటనో, మీ పొరుగింటనో ఒక యక్క ఇట్లే అందఱును పరుండిన పిమ్మట మాటలాడ వచ్చినచో, ముందుగా ఎవరు తప్పుచేసిరని అడుగకుడు. ఎన్నాళ్లనుండి బాధపడుచున్నావని అడుగుడు. మఱునాడు వెంట నడచి ఆసుపత్రికి తోడ్కొనిపొండు.