పతాక రూపశిల్పికి దక్కిన గౌరవమెంత?

పెనుగంచిప్రోలు: జాతీయ పతాక రూపశిల్పి పింగళి వెంకయ్య పేరు చెప్పగానే దివిసీమకు చేరువలోని భట్లపెనుమర్రు స్ఫురిస్తుంది. ఆయన పత్తి వంగడాలపై పరిశోధన సాగించిన నడిగూడెం మాత్రం పెనుగంచిప్రోలు, జగ్గయ్యపేటల మెట్ట ప్రాంతానికి సమీపంలోనిది. ఆ గ్రామమున్న మునగాల పరగణా 1959 వరకు కృష్ణా జిల్లాలో అంతర్భాగం. ‘పత్తి వెంకయ్య’ అన్న పేరు ఆ కృషి ఫలితమే.

1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల సందర్భంగా ఆయన గాంధీజీకి పతాక నమూనా సమర్పించారు. పలు మార్పుల అనంతరం 1947 జూలై 22న రాజ్యాంగ సభ త్రివర్ణ పతాకాన్ని ఆమోదించింది. వెంకయ్య 1963లో కన్నుమూశారు. ఆయన స్మారక తపాలా బిళ్ల వెలువడినది 2009లో, మరొకటి 2022లో.

భారతరత్నను మరణానంతరం ప్రదానం చేసే వీలు 1955లోనే కల్పించినందున నిబంధనలు అడ్డంకి కావు. 2021 మార్చిలో రాష్ట్ర ముఖ్యమంత్రి ఈ పురస్కారం కోరుతూ ప్రధానమంత్రికి లేఖ రాశారు. 2024లో పురస్కారం ప్రకటించిన ఐదుగురిలో నలుగురికి అది మరణానంతర గౌరవమే. వారిలో వెంకయ్య పేరు లేకపోవడం గమనార్హం.

సిఫారసు లేఖకు ఆధారాల బలం కూడా అవసరం. నడిగూడెం నేడు తెలంగాణలో ఉన్నందున, అక్కడి పత్తి పరిశోధన వివరాల సేకరణకు ఉభయ రాష్ట్రాల అధికారులు సంప్రదించుకోవలసి ఉంటుంది.