గది దొరికిందని మురిస్తే చాలదు

కంపెనీ అచ్చువేసిన నివేదిక చూసి వాటాలు కొనడం మనవారికి అలవాటు. తెనాలికి చెందిన ఒక మదుపుదారు మాత్రం ఆ బాట పట్టలేదు. విదేశాల్లో ఆన్‌లైన్‌లో గదులు కుదిర్చే కంపెనీల్లో సొమ్ము పెట్టదలచి, ముందుగా నెదర్లాండ్స్, స్పెయిన్ దేశాలు తిరిగి ఆ సేవలను స్వయంగా వాడి చూశారు. ఈ పద్ధతి అభినందనీయం.

ప్రయాణికుడిగా ఆయనకు వంక పెట్టే పని లేకపోయింది. భాష తెలియని ఊళ్లో రాత్రివేళ రైలు దిగినా గది సిద్ధంగా ఉంది. ధర ముందే తెలిసింది. అంతకుముందు బస చేసినవారు రాసిన మంచిచెడ్డలు చదువుకునే వీలు కలిగింది. 1996లో నెదర్లాండ్స్‌లో చిన్నగా మొదలైన బుకింగ్.కామ్‌ను 2005లో అమెరికా కంపెనీ ప్రైస్‌లైన్ సుమారు 13 కోట్ల డాలర్లకు కొన్నది. 2018లో కొన్న కంపెనీయే తన పేరును బుకింగ్ హోల్డింగ్స్‌గా మార్చుకున్నదంటే ఈ వ్యాపారం ఎంత పెరిగిందో ఊహించవచ్చు.

అయితే ఆయన అంతటితో తృప్తి పడక చిన్న హోటళ్ల యజమానులను కూడా పలకరించారు. అసలు లెక్క అక్కడ తెలిసింది. కంపెనీకి ముట్టే కమీషన్ హోటలు వాడే భరించాలి. అది అద్దెలో నూటికి 15కు అటూఇటూగా ఉంటుంది. పైగా సొంత వెబ్‌సైట్‌లో అంతకన్నా చవకగా గది ఇవ్వరాదన్న షరతు చాలాకాలం నడిచింది. ఫ్రాన్స్ 2015లోనే చట్టం చేసి ఇలాంటి షరతులను రద్దు చేసింది. 2024లో ఐరోపా యూనియన్ కొత్త చట్టం కారణంగా బుకింగ్.కామ్ ఆ దేశాలన్నిటిలో దాన్ని తొలగించవలసి వచ్చింది. అదే ఏడాది జులైలో స్పెయిన్‌లో పోటీ వ్యవహారాలు చూసే సంస్థ, హోటళ్లపై అనుచిత షరతులు విధించారంటూ ఆ కంపెనీకి 41.3 కోట్ల యూరోల జరిమానా వేసింది. కంపెనీ ఆ నిర్ణయాన్ని అంగీకరించలేదు.

మదుపు చేసేవారు గ్రహించవలసింది ఇదే. ప్రయాణికుడి మెప్పు కంపెనీకి పేరు తెస్తుంది. లాభం తెచ్చేది మాత్రం హోటలు వాడు ఇచ్చే కమీషన్. ఆ లాభం షరతుల బలంతో నిలిచినదైతే, చట్టం మారిన నాడు వాటా విలువకూ ముప్పు తప్పదు.

ఈ సంగతి విదేశాలకే పరిమితం కాదు. తెలుగువారైన ఫణీంద్ర సామా మిత్రులతో కలిసి 2006లో రెడ్‌బస్ ప్రారంభించిన తర్వాత బస్సు టికెట్టు కోసం కౌంటర్ల చుట్టూ తిరిగే అవస్థ ఎంతో తగ్గింది. నేడు తిరుపతి, అరకు లాడ్జీలు కూడా ఆన్‌లైన్ బేరాన్ని కాదనలేవు. అందువల్ల నేరుగా ఫోన్ చేసినవారికి తమకు గిట్టిన ధర చెప్పే స్వేచ్ఛ లాడ్జీ యజమానికి ఉండాలి. అద్దెలో కమీషన్ ఎంతో బిల్లులోనే చూపాలి. ప్రభుత్వం ఈ దిశగా ఆలోచించడం అవసరం. కష్టార్జితాన్ని ఇటువంటి వాటాల్లో పెట్టేవారు గదిలో పరుపు ఒక్కటే చూడక, గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మనిషి గోడు కూడా వినడం మేలు.