ఠాణాలో తుప్పు పడుతున్న రివాల్వర్లు: బాధ్యత ఎవరిది?

ఎన్నికల ప్రకటన వెలువడగానే కడప జిల్లాలోని లైసెన్సు ఆయుధాలు ఇళ్ల నుంచి పోలీసు స్టేషన్లకు చేరతాయి. ఫలితాలు వచ్చి వారం గడిచాక గాని అవి తిరిగి యజమానుల చేతికి రావు. శాంతిభద్రతల కోసం చేసే యీ ఏర్పాటును ఎవరూ తప్పు పట్టనవసరం లేదు. అయితే స్టేషనులో వున్నన్నాళ్లు ఆ ఆయుధాన్ని తుడిచి, చుక్క నూనె వేసేవారెవరు అన్నదే ప్రశ్న.

2024 ఎన్నికలనే చూడండి. మార్చి 16న నియమావళి అమలులోకి వచ్చింది. మే 13న పోలింగు, జూన్ 4న ఓట్ల లెక్కింపు జరిగాయి. అంటే 80 రోజులు. ఆ పైన మరో వారం. ఎండలు ముదిరే వేళ స్టేషనుకు వెళ్లిన రివాల్వరు తొలకరి వేళకు గాని బయటపడదు. గుడ్డలో చుట్టి, గోనెసంచిలో కట్టి, నేలమీద పెట్టిన ఇనుము అన్నాళ్లు చెక్కు చెదరకుండా వుంటుందనుకోవడం అమాయకత్వం.

మనది ఎండల జిల్లా, ఇక్కడ తుప్పేమిటని కొందరు అంటారు. తుప్పు పట్టడానికి వానే కురవనక్కరలేదు. ఎండలో పట్టిన చెమట చాలు. చెమటలో ఉప్పు వుంటుంది. ఉప్పు గాలిలోని తేమను లాగి ఇనుముకు అంటిస్తుంది. రివాల్వరు మీద కనిపించే నల్లని పూత కూడా పూర్తి రక్షణ కాదు. అది పలుచని పొర మాత్రమే. దాని మీద నూనె పొర వున్నంతకాలమే అది పని చేస్తుంది.

యజమానుల వైపు లోపం లేదనీ చెప్పలేము. చాలా ఇళ్లలో రివాల్వరు బయటికి వచ్చేది దసరా ఆయుధపూజ నాడే. ఆనాడు పసుపు నీళ్లు చిలకరించి, కుంకుమ బొట్లు పెట్టి, మరునాడు అలాగే బీరువాలో పెట్టేస్తారు. పూజ చేయవద్దని ఎవరూ అనరు. కాని పూజ ముగిశాక ఆ తడిని పొడిగుడ్డతో తుడిచి నూనె రాయకపోతే, బొట్టు పెట్టిన చోటే తుప్పు మొదలవుతుంది. తోలు ఒరలో పెట్టి నెలల తరబడి వుంచడమూ పొరపాటే. తోలు తేమను పీల్చి పట్టి వుంచుతుంది. ఒర నడుముకు కట్టుకోవడానికే గాని దాచుకోవడానికి కాదు.

ఏ నూనె వాడాలన్న దానిలోనూ అపోహలున్నాయి. ఇంట్లో వుంది గదా అని కొబ్బరినూనె రాస్తారు. వంటనూనెలు కొన్నాళ్లకు చిక్కబడి జిగురవుతాయి. ఆ జిగురులో దుమ్ము చేరి మీట, సుత్తి బిగుసుకుపోతాయి. కిరసనాయిలు మురికిని వదిలిస్తుంది, అంతేగాని ఆరిపోయాక దాని రక్షణ ఏమీ మిగలదు. తుపాకుల కోసమే తయారైన నూనె దొరికితే మంచిది. దొరకనప్పుడు కుట్టుమిషనుకు వేసే పలుచని నూనె వీటికంటె ఎంతో మేలు.

శుభ్రం చేసే పద్ధతి కష్టమైనది కాదు. అన్నిటికంటె ముందు తూటాలు తీసి మరో గదిలో పెట్టాలి. రివాల్వరులో ఆరు గదులూ కంటితో చూసి ఖాళీ అని నిర్ధారించుకోవాలి. పిస్టలు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మ్యాగజైను తీసినా లోపలి గదిలో ఒక తూటా వుండిపోవచ్చు. పైభాగాన్ని వెనక్కు లాగి చూడకుండా పిస్టలు ఖాళీ అనుకోరాదు. తరువాత ఇత్తడి బ్రష్షుతో గొట్టంలోని మసిని, సీసపు మరకలను వదిలించాలి. పొడిగుడ్డ ముక్కలను కడ్డీతో దూర్చి, గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడవాలి. ఎన్‌.సి.సి.లో చేరిన పిల్లలకు యీ పని తెలిసే వుంటుంది. చివర నూనె అద్దిన గుడ్డను ఒక్కసారి పోనిచ్చి, కీళ్ల దగ్గర ఒక్కొక్క చుక్క వేస్తే చాలు. నాటు మందు వాడే తుపాకులకు మాత్రం ముందు గొట్టాన్ని వేడినీళ్లతో కడగాలి. ఆ మందు మిగిల్చే ఉప్పు నీటికే కరుగుతుంది, నూనెకు కరగదు. కడిగిన వెంటనే బాగా ఆరబెట్టి నూనె పెట్టాలి.

నూనె ఎక్కువైనా ముప్పే. కారిన నూనె తూటాలోకి దిగితే మందు చెడుతుంది. చెడిన తూటా పేలక పోవచ్చు, లేదా సగం బలంతో పేలి గుండు గొట్టంలోనే ఇరుక్కుపోవచ్చు. ఆ సంగతి గమనించక రెండవసారి మీట నొక్కితే గొట్టం పగులుతుంది. పోయేది పట్టుకున్నవాని చేయి. తూటాలకు ఎన్నడూ నూనె రాయరాదు.

పాడైపోతే అమ్మేస్తాం లెమ్మనుకునేవారు ఇది ఆలోచించాలి. తుప్పు వల్ల నష్టం డబ్బు ఒక్కటే కాదు. లోపలి స్ప్రింగు తుప్పుతో గుంటలు పడి విరగవచ్చు. సుత్తిని పట్టి వుంచే గాడి అరిగిపోతే, మీట నొక్కకుండానే సుత్తి జారవచ్చు. పైకి నిగనిగలాడే రివాల్వరులో ఇవి కనిపించవు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నట్లు గొట్టం లోపలి తుప్పును పైచూపుతో పట్టడం సాధ్యం కాదు. పిల్లాపాపలున్న ఇంట్లో అలాంటి ఆయుధం వుండటం శత్రువు కంటె ప్రమాదం. అలాగని వూరి కమ్మరి దగ్గరకు తీసుకుపోవడమూ కుదరదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు వున్నవారే మరమ్మతు చేయాలి. తుడవడం, నూనె వేయడం యజమాని పని. విప్పి బాగుచేయడం మాత్రం లైసెన్సు వున్న పనివాని పని.

కనుక ఎన్నికలు తిరిగి వచ్చేలోగా చేయవలసినవి కొన్ని వున్నాయి. యజమాని తన ఆయుధాన్ని శుభ్రం చేసి, నూనెగుడ్డలో చుట్టి అప్పగించాలి. స్టేషను ఇచ్చే రసీదులో నంబరుతో పాటు ఆయుధం స్థితి కూడా రాయాలి. అప్పుడు తిరిగి తీసుకునే వేళ తగవుకు తావుండదు. ఆయుధాలను నేలమీద గాక ఎత్తయిన ఇనుప బీరువాలో వుంచాలి. నెలకొకసారి పోలీసుల సమక్షంలో యజమానే వచ్చి తుడుచుకునే వీలు కల్పించాలి, లేదా జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వులోని ఆర్మరర్ ఒకసారి చూసి వెళ్లాలి. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. కొన్ని గుడ్డ ముక్కలు, ఒక నూనె డబ్బా, ఒక పూట శ్రమ.

ఆయుధం చేతికి వచ్చిన రోజున యజమాని కూడా తొందరపడరాదు. గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి లోపల అడ్డేమీ లేదని చూసి, శుభ్రం చేసిన తరువాతే తూటా జోలికి పోవాలి. ఆయుధాన్ని తీసుకున్నవారు దాని నంబరు సరిచూసి వూరుకోకుండా, దాని స్థితికి కూడా బాధ్యత వహించాలి. జిల్లా అధికారులు యీ విషయమై స్టేషన్లకు స్పష్టమైన ఆదేశాలు ఇవ్వడం అవసరం.